రెండు పొయ్యిల ఇల్లు

మా వంటగదిలోంచి,
జూన్ మొదటివారం

వదినగారికి,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. మా రెండు గదుల్లో ఏ మూల నిలబడి మాట్లాడినా మీ అమ్మగారికి వినబడుతుంది. ఆవిడ చెవుల సంగతి మీకు నేను చెప్పాలా? విషయం తేలేదాకా ఆవిణ్ణి ఇంకా కంగారు పెట్టడం ఇష్టం లేక రాస్తున్నాను.

ఈ భవనాన్ని ఏడాది చివర్లో పడగొడతారని నోటీసు అంటించారని మీకు తెలుసు. మీరు చెప్పినట్టే మీ గృహ సహాయ పథకంలో నేనూ అత్తయ్యా కలిసి దరఖాస్తు పెట్టాం. అద్దెలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుందంటే మాలాంటివాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? పోయిన నెలలో ఒకాయన తనిఖీకి వచ్చాడు. రేపో మాపో రిటైరయ్యేలా ఉన్నాడు, మెడలో కొలత టేపు. దర్జీదాన్ని కదా, నా మెడలోనూ టేపే. ఒకరినొకరం చూసి నవ్వుకున్నాం. గదులు కొలిచాడు, కిటికీలు చూశాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళి గ్యాసు పొయ్యికి చేతి వెనకభాగం ఆనించాడు, జ్వరం చూసినట్టు. అత్తయ్య కరెంటు పొయ్యికీ అలాగే ఆనించాడు. "రెండిటి మీదా వంటయిందామ్మా?" అన్నాడు. "అయిందండీ, నాది నాకు, ఆవిడది ఆవిడకి" అన్నాను గొప్పగా. అందులో ఏముందో నాకేం తెలుసు!

నిన్న జవాబొచ్చింది, అత్తయ్యా చదివింది. మాది ఒక కుటుంబం కాదట, రెండట. అత్తయ్య ఆదాయం లేని ఒంటరి పెద్దామె కాబట్టి, బస్సు డిపో వెనక కొత్త భవనంలో, కింది అంతస్తులో ఒంటిగది ఇస్తారట. నా సంపాదన ఒక్క మనిషికి పెట్టిన పరిమితి దాటింది కాబట్టి నాకేమీ లేదట. ఇద్దరినీ కలిపి లెక్కేస్తే మేం పరిమితి లోపలే ఉంటాం, రెండు గదుల ఇల్లు వచ్చేది.

మీ తమ్ముడు పోయాక ఈ నాలుగేళ్ళూ నేనూ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని బతుకుతున్నాం. మేం ఒకరికొకరం ఏమీ కామని ఎవరో టైపు కొట్టి పంపితే ఒళ్ళు మండింది. ఇది ఎవరి బుర్రలో పుట్టిన రూలో కాస్త కనుక్కుని చెప్పండి.

మీ మరదలు


గృహ సహాయ ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు,
జూన్ మూడోవారం

మరదలికి,

కనుక్కోవడానికి నేనెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ రూలు నా బుర్రలోనే పుట్టింది.

కోప్పడేముందు చదువు. ప్రజల డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ముందుగా తేల్చాల్సింది, కుటుంబమంటే ఎవరని. రక్తసంబంధం అని రాస్తే నీలాంటి కోడళ్ళు బయటికి పోతారు. ఒకే చిరునామా అని రాస్తే ఒక్క గుమ్మం పేరు చెప్పుకుని వీధి మొత్తం వస్తుంది. కమిటీలో అందరూ గొంతులు పోయేదాకా వాదించుకున్నాక నేనన్నాను: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబం. అందరూ తలూపారు. టీ తెచ్చినావిడ కూడా బాగుందన్నట్టు తలూపింది. ఆ వాక్యం ఒక్క అక్షరం మారకుండా అచ్చయింది.

ఇక చెయ్యి ఆనించి చూడటం. ఒకే ఇంటివాళ్ళు రెండో పొయ్యి కొని తెచ్చి అలంకారానికి పెట్టి, రెండు కుటుంబాలమని చెప్పి రెండిళ్ళు పట్టుకుపోయేవారు. ఒకటి అద్దెకిచ్చుకునేవారు. వరసలో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉండేవారు, ఆడిట్‌వాళ్ళు మా పీకల మీద కూర్చునేవారు. అందుకని పొయ్యి వెచ్చగా ఉందో లేదో తాకి చూడమని రాశాను. అదీ నేనే. మీ టేపాయన తన పని సక్రమంగా చేశాడు.

సొంతవాళ్ళ ఫైలు నేను ముట్టుకోకూడదు. మీ ఊరి ఆఫీసులో ఎవరికీ ఫోను కూడా చెయ్యను, అడగొద్దు. ఎవరైనా చెయ్యదగ్గది ఒకటుంది. పునఃపరిశీలన కోరుతూ దరఖాస్తు పెట్టు. మళ్ళీ తనిఖీకి వస్తారు. అప్పటికి మీ ఇంట్లో ఒకే పొయ్యి మీద వంట జరుగుతుండాలి.

అసలు ఇద్దరు మనుషులకి రెండు పొయ్యిలేమిటి? ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?

వదిన


మా వంటగదిలోంచి,
జులై మొదట్లో

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నవ్వొచ్చింది. ఇంకెవరైనా అయితే తిట్టుకునేదాన్ని, మిమ్మల్ని తిట్టడానికి వరస అడ్డొచ్చింది.

రెండో పొయ్యి కథ వినండి. అదంతా ఉప్పు దగ్గర మొదలైంది. అత్తయ్యకి రక్తపోటు, డాక్టరు ఉప్పు మానమన్నాడు. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను తొక్కి వచ్చే మనిషిని, చప్పిడి కూర నోట పెడితే ఏడుపొస్తుంది. ఆవిడకి తెలియకుండా నేను ఉప్పు వేసేదాన్ని, నాకు తెలియకుండా ఆవిడ కూరలో నీళ్ళు పోసేది. మీ తమ్ముడు ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా నలిగాడు పాపం. ఆయన పోయాక సర్దిచెప్పేవాళ్ళు కూడా లేకపోయారు. ఒకరోజు ఆవిడ గిన్నె నేలకేసి కొట్టింది, నేను మూత కొట్టాను. మర్నాడు ఆవిడే వెళ్ళి చిన్న కరెంటు పొయ్యి కొనుక్కొచ్చి కిటికీ కింద పెట్టుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గొడవంటే ఏమిటో తెలియదు. ఎవరి గిన్నె వాళ్ళు దించుకుని, ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తింటాం. ప్రశాంతంగా ఉన్నందుకే మీ పథకం మమ్మల్ని విడగొట్టింది చూడండి.

సరే, పునఃపరిశీలనకి పెట్టాను. కరెంటు పొయ్యిని రిపేరుకిస్తానని చెప్పి కింద ఇస్త్రీ ఆవిడ దగ్గర దాచాను. అత్తయ్య నావైపు ఒక చూపు చూసి ఊరుకుంది. ఏం గొడవ చెయ్యకపోవడం చూస్తే నాకే అనుమానంగా ఉంది.

మీ ఇంట్లో మూడు గదులు ఖాళీగా ఉన్నాయని నేననడం లేదు. ఇస్త్రీ ఆవిడ అంది.

మీ మరదలు


ప్రధాన కార్యాలయం,
జులై మధ్యలో

మరదలికి,

పొయ్యి దాచడం తప్పు. తనిఖీ రోజున దాచి, ఆయన వెళ్ళాక తెచ్చుకుంటే దాన్ని మోసమంటారు. పట్టుబడితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకునే దారి కూడా మూసుకుపోతుంది. నిజంగానే ఒకే పొయ్యి మీద వండుకోండి. ఈ నెలా, వచ్చే నెలా, ఆ తర్వాత కూడా. ఉప్పు విడిగా గిన్నెలో కలుపుకుంటే పోయేదానికి నాలుగేళ్ళు రెండు పొయ్యిలు వెలిగించారంటే మీ ఇద్దరికీ దండం పెట్టాలి.

మూడు గదుల సంగతి. ఇస్త్రీ ఆవిడకి చెప్పు, అందులో ఒక గది నిండా ఫైళ్ళే. అసలు కారణం అది కాదులే. నేనూ అమ్మా ఒక కప్పు కింద వారం కూడా ఉండలేం. ఇద్దరమూ రూళ్ళు రాసే మనుషులమే. నువ్వు ఆమెతో ఉంటున్నావు కాబట్టి నేనిక్కడ నిశ్చింతగా ఉన్నాను. ఈ ముక్క నీకు ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పేశాను.

తనిఖీ తేదీ రాగానే రాయి.

వదిన


మా వంటగదిలోంచి,
ఆగస్టు

వదినగారికి,

తేదీ వచ్చింది, వచ్చే నెల మొదట్లోనట. ఇస్త్రీ ఆవిడ దగ్గర్నుంచి పొయ్యి తెచ్చి అటక మీద పెట్టాను. అత్తయ్యకి సంగతంతా విడమరిచి చెప్పాను, ఒకే పొయ్యి మీద వండుకుంటేనే మనకి ఇల్లని. "ఊఁ" అంది. అంతే.

అప్పటినుంచి మా ఇల్లు మళ్ళీ మునుపటి ఇల్లయింది. నేను గిన్నె దించేదాకా ఆవిడ నా భుజం మీదనుంచి చూస్తూ నిలబడుతుంది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టినా మాయమవుతుంది. మొన్న నా కుట్టు దారాల పెట్టెలో దొరికింది. అయినా పంటి బిగువున ఓర్చుకున్నాను, ఇల్లు దక్కుతుంది కదా అని.

నిన్న మిషను పాడై దుకాణం మధ్యాహ్నమే మూసేశారు. ఇంటికొస్తే అత్తయ్య లేదు. సందంతా వెతికి వచ్చేసరికి చెప్పులు విప్పుతూ కనబడింది. మొహం ఎండకి ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎక్కడికెళ్ళారు?" అన్నాను.

"డిపో వెనకకి" అంది.

"అక్కడేముంది?"

"నా గది."

ఒకసారి కాదట వదినా, జవాబు వచ్చిన దగ్గర్నుంచీ వెళ్తూనే ఉందట. కాపలా మనిషితో స్నేహం కూడా చేసుకుంది. తలుపు తీయించి లోపల కూర్చుని వస్తుందట. కిటికీలోంచి బస్సులు కనిపిస్తాయట. పంపులో నీళ్ళు ఎప్పుడూ వస్తాయట. తాళానికి రెండు చెవులు ఇస్తారట, రెండూ ఆవిడకేనట. ఇదంతా పెళ్ళి కుదిరిన పిల్లలా గబగబా చెప్పింది.

"మరి నేనో?" అన్నాను.

అప్పుడు చెప్పింది. మొదటిసారి టేపాయన వచ్చినప్పుడు నేను మంచినీళ్ళకి లోపలికి వెళ్తే, "మా ఇద్దరివీ వేరు వేరు సంసారాలు బాబూ, అలాగే రాసుకో" అని ఆయనతో తనే అందట. "పుట్టింట్లో మా నాన్న తలుపు. తర్వాత మీ మామగారిది, తర్వాత కొడుకుది, ఇప్పుడు నీది. ఎప్పుడు తట్టినా లోపల ఇంకొకరే ఉన్నారు. ఒక్క తలుపు నేను లోపల్నించి వేసుకుని చూడాలని ఉంది. నువ్వు సంపాదించుకునేదానివి, నీకు వాళ్ళే ఇంకో ఇల్లిస్తారనుకున్నాను. ఇవ్వరని నాకేం తెలుసు?" అంది.

ఇవ్వరని తెలిసి రెండు నెలలైంది కదా, ఇప్పుడైనా వద్దనొచ్చు కదా అని అడిగాను. ఆవిడ ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది వదినా. కోపంతో వచ్చిందే ఎక్కువ. ఇన్నాళ్ళూ ఈవిడ నా మీద ఆధారపడి ఉందనుకున్నాను. ఆవిడేమో నాతో సర్దుకుంటోందట. మీ అమ్మకి మీరే చెప్పండి.

మీ మరదలు


ప్రధాన కార్యాలయం,
ఆగస్టు చివర

మరదలికి,

అమ్మకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చించేశాను. మళ్ళీ రాశాను. అదీ చించేశాను.

రూలు ప్రకారం చెప్పాలంటే ఇది పెద్ద చిక్కేమీ కాదు. దరఖాస్తులో ఇంటి పెద్దగా నీ పేరు ఉంది. పునఃపరిశీలనలో నిన్నే అడుగుతారు. ఒకే పొయ్యి వెచ్చగా ఉంటే అమ్మ ఏమన్నా లెక్కలోకి రాదు. ఎవరితో ఉండాలని ఉందని మనిషిని అడిగే గడి మా ఫారంలో లేదు. పెట్టాలన్న ఆలోచనే మాకు రాలేదు. రెండు గదుల ఇల్లు నీకొస్తుంది. అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుంటుంది, తర్వాత మరిచిపోతుంది. ఆఫీసు మనిషిగా నేను చెప్పేది ఇదే.

ఇది రాసి కవరు అంటించబోయి ఆగాను. చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మ ఎక్కడ పడుకునేదా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. నా మంచం గుర్తుంది, తమ్ముడిది గుర్తుంది, నాన్న కుర్చీ గుర్తుంది. ఆమె అందరికన్నా ఆఖర్న పడుకుని అందరికన్నా ముందు లేచేది కాబట్టి ఎక్కడ పడుకుందో మేమెవరం చూడలేదు. ఇది తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంది.

అలాగని నీకు గూడు లేకుండా పొమ్మని ఎలా చెప్పను? ఒకామె నన్ను కన్నది, ఇంకొకామె నేను చెయ్యాల్సిన పని నాలుగేళ్ళుగా చేస్తోంది. నా సలహా అడక్కు. నీకెలా తోస్తే అలా చెయ్యి, నేను తప్పు పట్టను.

వదిన


దుకాణంలోంచి, చేతిపని మధ్యలో,
సెప్టెంబరు

వదినగారికి,

తనిఖీ అయిపోయింది.

ముందురోజు రాత్రి దాకా నా నిర్ణయం మారలేదు. ఒక్క పొయ్యి, రెండు గదులు. మిషను పెట్టుకోవడానికి ఏ గోడ అయితే వెలుతురు బాగుంటుందో కూడా ఊహించుకున్నాను. తనిఖీ రోజు పొద్దున్నే లేచి నేను వండుతుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది. ఈసారి భుజం మీదనుంచి చూడలేదు. ఉప్పు డబ్బా తీసుకొచ్చి నా చేతికిచ్చింది. "నీకు సరిపడా వేసుకో. ఆయనొచ్చినప్పుడు కలిసి తింటున్నామనే చెప్తాను" అంది.

ఆవిడ దెబ్బలాడి ఉంటే నేను గెలిచి ఉండేదాన్ని వదినా. అలా డబ్బా చేతికిచ్చేసరికి నా వల్ల కాలేదు. ఆవిడ చేతులు చూశాను. తాళంచెవి పట్టుకోవాలని ముచ్చటపడ్డ చేతులు.

స్టూలెక్కి అటక మీది పొయ్యి దించాను. దుమ్ము తుడిచి కిటికీ కింద పెట్టి స్విచ్చేశాను. "ఏమిటిది?" అంది. "మీ కూర మీరు వండుకోండి, నా కూరలో నీళ్ళు పోయకండి" అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు వత్తుకుని, "గిన్నె ఎక్కడ పెట్టావే?" అంది.

టేపాయన వచ్చాడు. గ్యాసు పొయ్యికి చెయ్యి ఆనించాడు, కరెంటు పొయ్యికి ఆనించాడు. నా మొహంలోకి చూశాడు. "పునఃపరిశీలన కోరింది మీరే కదమ్మా?" అన్నాడు. "కోరానండీ. మీరు మొదట రాసిందే కరెక్టు" అన్నాను. పాపం మెడలో టేపు సవరించుకున్నాడు. "ఒక పొయ్యి తీసేసి వచ్చే వారం కబురు చెయ్యండి, మళ్ళీ వస్తాను" అని మెల్లగా అన్నాడు కూడా. మీ డిపార్టుమెంటులో మంచివాళ్ళు లేకపోలేదు.

ఇక నేను ఎక్కడుండాలో చూసుకోవాలి. భయంగానే ఉంది. దాచడమెందుకు?

మీ మరదలు


ఇంటి నుంచి,
సెప్టెంబరు చివర

మరదలికి,

నీకు పిచ్చి పట్టిందని మొదట అనుకున్నాను. రెండోసారి చదివాక తలుపేసుకుని కూర్చుని ఏడ్చాను.

ఫైళ్ళ గది ఖాళీ చేశాను. గోడకి సున్నం వేయించాను, కిటికీ తూర్పుకి ఉంది, మిషనుకి వెలుతురు సరిపోతుంది. వచ్చెయ్యి. ఇక్కడ కూడా దర్జీలు కావాలి. నీతో అయితే నాకు పేచీ రాదు, ఉప్పు నేనూ బాగానే తింటాను.

ఇంకో సంగతి. ఏటా నిబంధనలు సవరించే సమావేశం మొన్న జరిగింది. దరఖాస్తులో ఉన్న పెద్దవాళ్ళలో ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఎవరితో ఉండాలని ఉందో అడగాలని ప్రతిపాదించాను. మా డైరెక్టరు నవ్వాడు. "మేడమ్, పొయ్యిని తాకి చూడొచ్చు, కోరికని ఎలా తాకి చూస్తాం?" అన్నాడు. ఒకప్పుడు నేనే అనదగ్గ మాట. చివరికి నిబంధనగా ఒప్పుకోలేదు, తనిఖీ చేసేవాళ్ళకిచ్చే సూచనల్లో చేర్చారు. అడిగితే అడగొచ్చు, అడక్కపోయినా తప్పు లేదు. అంతవరకే నా చేతనయింది. విడిపోయేవాళ్ళలో మిగిలిపోయిన మనిషికి ఏం చెయ్యాలన్నది ఈసారి చర్చకే రాలేదు. వచ్చే ఏడు తెస్తాను.

ఎప్పుడొస్తున్నావో రాయి.

వదిన


దుకాణం వెనకగది నుంచి,
డిసెంబరు

వదినగారికి,

జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకండి, ఇల్లు మారే హడావుడిలో తల ప్రాణం తోకకొచ్చింది. మీరు సున్నం వేయించిన గది గురించి చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. అది అలాగే ఉంచండి, ఎండాకాలం సెలవులకి వస్తాను. ఉండిపోవడానికి మాత్రం రాలేను. మా దుకాణం యజమానురాలు వెనకగది అద్దెకిచ్చింది. పగలు బట్టల మూటలు అందులోనే ఉంటాయి, సాయంత్రం వాటిని ఒక పక్కకి జరిపి పరుపు వేసుకుంటాను. అద్దె నా జీతంలో ఎక్కువే తింటోంది. మీ పథకం ఉంటే బాగుండేదని ఒకటో తారీకున తప్పకుండా అనుకుంటాను.

నేను రాలేకపోవడానికి కారణం గదీ కాదు, జీతమూ కాదు. డిపో వెనక ఒక తలుపుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి దాన్ని తడతాను. లోపల గొళ్ళెం దాకా అడుగుల చప్పుడవుతుంది. అత్తయ్య వెంటనే తీయదు, "ఎవరూ?" అని అడుగుతుంది. నేనే వస్తానని తెలిసినా అడుగుతుంది. ఆ మాట అనడం ఆవిడకి ఎంత ఇష్టమో! ఒకరోజు కావాలని జవాబు చెప్పకుండా నిలబడితే ఇంకా గట్టిగా అడిగింది.

లోపలికెళ్తే కిటికీ పక్కన బల్ల, రెండు కంచాలు. చప్పిడి కూర. నా కంచం పక్కన ఉప్పు డబ్బా, మూత తీసి సిద్ధంగా ఉంటుంది. మళ్ళీ ఎప్పుడూ అది నా దారాల పెట్టెలోకి వెళ్ళలేదు. బస్సుల్ని చూసుకుంటూ తింటాం. రాత్రికి కూడా డబ్బాలో పెట్టి ఇస్తుంది. నా గదిలో గ్యాసు పొయ్యి తెచ్చిన రోజున పెట్టిన చోటే ఉంది, ఇప్పటిదాకా దాని మీద కాఫీ కూడా కాయలేదు.

ఇక్కడే నాకో భయం పట్టుకుంది వదినా. టేపాయన పొరపాటున ఇప్పుడు వచ్చి, నా పొయ్యికీ ఆవిడ పొయ్యికీ చెయ్యి ఆనించి చూశాడనుకోండి, మీరు రాసిన రూలు ప్రకారం మేమిద్దరం ఒకే కుటుంబం.

దయచేసి ఆఫీసులో ఎవరితోనూ అనకండి.

మీ మరదలు